స్టార్ వార్స్ క్లాసిక్ హోదాకు తగినదేనా: మీరే తేల్చుకునే పద్ధతి

1977 మే 25న అమెరికాలో 32 థియేటర్లలో మాత్రమే విడుదలైన స్టార్ వార్స్‌ను క్లాసిక్ కాదనే ధైర్యం ఇవాళ ఎవరూ చేయరు. ఎందుకు క్లాసిక్ అని అడిగితే మాత్రం ఒకరు వసూళ్ల గురించి చెబుతారు, ఒకరు చిన్నప్పుడు కొనుక్కున్న బొమ్మల గురించి చెబుతారు, మరొకరు దాని తర్వాత వచ్చిన సినిమాలన్నీ వల్లిస్తారు. ఆ సినిమాలో ఏముందో చెప్పేవారు తక్కువ. విపరీతమైన జనాదరణ పొందిన చిత్రాన్ని బేరీజు వేయడంలో ఉన్న అసలు చిక్కు ఇదే. దాని కీర్తి మన కంటికీ తెరకూ మధ్య అడ్డుగా నిలబడుతుంది కాబట్టి, మెచ్చుకునేవారు కీర్తిని మెచ్చుకుంటారు, తిట్టేవారు కూడా కీర్తినే తిడతారు. ఆ అడ్డును తొలగించుకుని, రెండు గంటల ఒక్క నిమిషం నిడివి గల ఆ ఒక్క చిత్రాన్ని దాని బరువుతోనే తూచడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను. ఇందుకు ఒక సెలవు రోజు, మంచి హెడ్‌ఫోన్లు, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు.

మొదట ప్రశ్నను విడగొట్టుకోవాలి. ఒక సైన్స్ ఫిక్షన్ చిత్రాన్ని క్లాసిక్ అన్నప్పుడు మనం మూడు వేర్వేరు వాదనలను ఒకే మూటలో కట్టి చెబుతుంటాం: అది సినిమా చరిత్రను మలుపు తిప్పిందని, ఇవాళ కొత్తగా చూసేవారి ముందు కూడా నిలబడుతుందని, సైన్స్ ఫిక్షన్ అనే ప్రక్రియలో ఉత్తమ శ్రేణికి చెందినదని. ఈ మూడింటికీ సాక్ష్యాలు వేరు, తీర్పులు కూడా వేరుగా రావచ్చు. మొదటిదానికి పెద్ద విచారణ అక్కర్లేదు. దాదాపు 1 కోటి 10 లక్షల డాలర్ల ఖర్చుతో తయారైన ఈ చిత్రం అమెరికాలో జాస్ చిత్రం వసూళ్లను దాటి, 1982లో ఈ.టీ. చిత్రం వచ్చేదాకా వసూళ్లలో మొదటి స్థానంలో నిలిచింది. అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారానికి 1989లో ఎంపికైన తొలి 25 చిత్రాలలో ఇది ఒకటి. చరిత్ర మలుపు తిరిగిందనడంలో ఎవరికీ సందేహం లేదు. ఆ విషయాన్ని ఒక్క వాక్యంలో రాసుకుని పక్కన పెట్టండి.

నోటు పుస్తకంలో దాని కింద ఇంకొక్క వివరం రాసుకుంటే తర్వాతి పని సులువవుతుంది. 1978లో జరిగిన ఆస్కార్ వేడుకలో ఈ చిత్రానికి వచ్చిన ఆరు పోటీ పురస్కారాలు కళాదర్శకత్వం, దుస్తులు, ఎడిటింగ్, సంగీతం, ధ్వని, విజువల్ ఎఫెక్ట్స్ విభాగాలలోనివి. పాత్రల, రోబోల గొంతులు సృష్టించిన బెన్ బర్ట్‌కు ప్రత్యేక పురస్కారం అదనం. రచనకు, దర్శకత్వానికి జార్జ్ లూకాస్ పేరు నామినేషన్ దగ్గరే ఆగిపోయింది, ఉత్తమ చిత్రం పురస్కారం ఆనీ హాల్‌కు వెళ్లింది. ఆ రోజు అకాడెమీ సభ్యులు చేసిన ఈ పంపకం, ఈ సినిమా మీద తర్వాత వెలువడిన అనేక వ్యాఖ్యానాల కంటే కచ్చితమైనదని నా అభిప్రాయం. మీరు చేయబోయే పరిశీలన దానిని సమర్థిస్తుందో ఖండిస్తుందో చూద్దాం.

రెండో పని, మీరు చూడబోయేది ఏ స్టార్ వార్స్ అన్నది తేల్చుకోవడం. చాలామంది ఈ మెట్టును దాటేస్తారు, తీర్పులు తప్పుదారి పట్టేదీ ఇక్కడే. 1997లో లూకాస్ ఈ చిత్రానికి కంప్యూటర్ గ్రాఫిక్స్ జోడించి 'స్పెషల్ ఎడిషన్' పేరుతో మళ్లీ విడుదల చేశారు. 2004 నాటి డీవీడీలో, 2011 నాటి బ్లూ-రేలో, 2019లో డిస్నీ ప్లస్‌లో పెట్టిన ప్రతిలో మరికొన్ని మార్పులు చేరాయి. పురస్కారాలు గెలిచిన చిత్రం, జనాన్ని థియేటర్లకు రప్పించిన చిత్రం, ఇవాళ మన ఫోన్లలో కనిపించే చిత్రం కాదు.

తేడా ఎంత దూరం వెళుతుందో తెలియడానికి సారాకొట్టులో అద్దెకు ఓడ నడిపే హాన్ సోలో, అతడి అప్పు వసూలుకు వచ్చిన గ్రీడో ఎదురెదురుగా కూర్చునే ఘట్టం ఒక్కటి చాలు. 1977 ప్రతిలో గ్రీడో బల్లకు అటువైపు నుంచి తుపాకీ గురిపెట్టి బెదిరిస్తుంటాడు. హాన్ వెనక్కి ఆనుకుని, ఎడమ చేతి వేళ్లతో గోడను ఊరికే గీకుతూ, అవతలివాడి చూపు అటు ఉండగానే కుడి చేత్తో బల్ల కింద తన తుపాకీ తీసి కాలుస్తాడు. తర్వాత లేచి, గలీజు చేసినందుకు క్షమించమంటూ కొట్టువాడికి ఒక నాణెం విసిరి వెళ్లిపోతాడు. మాట సాయం లేకుండానే అతడి స్వభావం మొత్తం మనకు తెలిసిపోతుంది. 1997 ప్రతిలో గ్రీడో ముందు కాలుస్తాడు, చేతికందేంత దూరం నుంచి గురి తప్పుతాడు, హాన్ తల కంప్యూటర్ సాయంతో పక్కకు జరుగుతుంది. అంటే హాన్ ఆత్మరక్షణ కోసం కాల్చిన సజ్జనుడైపోయాడు. చివర్లో డబ్బు తీసుకుని వెళ్లిపోయినవాడు తిరిగి రావడంలో ఆశ్చర్యం ఉండాలంటే, ముందు అతడు నమ్మదగినవాడు కాదని మనకు అనిపించాలి గదా. ఆ పునాదినే ఈ మార్పు తవ్వేసింది. అదే విధంగా హాన్‌కు అప్పిచ్చిన ముఠా నాయకుడు జబ్బా కనిపించే, కొత్తగా చేర్చిన ఘట్టం, గ్రీడో అప్పుడే చెప్పిన అప్పు సంగతినే మళ్లీ చెప్పి కథను ఆపేస్తుంది.

కాబట్టి వీలైతే 2006లో వచ్చిన రెండు డిస్కుల డీవీడీ సంపాదించండి. అందులో రెండో డిస్కులో తొలి విడుదల నాటి రూపం ఉంది, అయితే పాత లేజర్ డిస్క్ మాస్టర్ నుంచి తీసినది కావడం వల్ల బొమ్మ నాణ్యత అంతంత మాత్రమే. 2025 జూన్‌లో లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1977 నాటి ఫిల్మ్ ప్రింటును ప్రదర్శించినప్పుడు అది వార్త అయిందంటేనే, అసలు రూపం ఎంత అరుదైపోయిందో ఊహించవచ్చు. ఏదీ దొరక్కపోతే ఓటీటీ ప్రతినే చూడండి, కానీ జబ్బా ఘట్టాన్ని దాటవేయండి, మాస్ ఐస్లీ ఊరిలోకి ప్రవేశించే చోట తెరకు అడ్డంగా నడిచే, తర్వాత చేర్చిన జంతువులను లెక్కలోకి తీసుకోకండి.

మూడోది, తర్వాతి కథలను మనసులోంచి తీసేయడం. 1977లో ఈ సినిమా పేరు ముందు 'ఎపిసోడ్ 4' అన్న మాట లేదు. అది 1981 పునర్విడుదలలో చేరింది. కథానాయకుడు ల్యూక్ తండ్రిని ప్రతినాయకుడు డార్త్ వేడర్ చంపాడని గురువైన ముసలి ఒబీవాన్ చెబితే అప్పటి ప్రేక్షకుడు దాన్ని ఉన్నది ఉన్నట్టుగా నమ్మాడు. ఇవాళ మనం ఆ మాటకు ముందు ఒబీవాన్ వేషం వేసిన అలెక్ గినెస్ చూపులో ఏదో దాచిన బాధను చూసి మురిసిపోతాం. ఆ లోతు, వేడరే ల్యూక్ తండ్రి అని బయటపెట్టిన 1980 నాటి రెండో చిత్రం దగ్గర తెచ్చుకున్న అప్పు. వేడర్ కూడా ఇక్కడ సర్వాధికారి కాడు, టార్కిన్ అనే అధికారి ఆజ్ఞలకు తలొగ్గే అనుచరుడు. ఈ అప్పులన్నీ తీసేశాక మిగిలినదాన్నే తూచాలి.

ఇక అసలు పరిశీలన. మొత్తం సినిమాను ఒకసారి ఆపకుండా చూసి, మొదటి పావుగంటను మాత్రం మళ్లీ రెండుసార్లు చూడండి: ఒకసారి ధ్వని పూర్తిగా తీసేసి, ఒకసారి కళ్లు మూసుకుని వింటూ.

ధ్వని లేకుండా చూసినప్పుడు మొట్టమొదటి షాట్ దగ్గరే ఆగిపోవాలి. ఒక చిన్న ఓడ మన తల మీదుగా వెళ్లి దూరమవుతుంది, దాన్ని తరుముతూ పై అంచు నుంచి ఒక పెద్ద ఓడ మొదలై, ఇక అయిపోయిందనుకున్నాక కూడా ఇంకా వస్తూనే ఉంటుంది. తిరుగుబాటుదారులు ఎంత బలహీనులో, సామ్రాజ్యం ఎంత బలమైనదో ఆ కొన్ని క్షణాలలోనే తెలిసిపోతుంది. ఇందులో తమాషా ఏమిటంటే, ఆ పెద్ద ఓడ నమూనా పొడవు సుమారు మూడు అడుగులు. చిన్న ఓడగా కనిపించే నమూనా దానికి రెట్టింపు ఉంటుంది. విజువల్ ఎఫెక్ట్స్ చూసిన జాన్ డైక్‌స్ట్రా బృందం కంప్యూటర్ నియంత్రణతో ఒకే కదలికను ఎన్నిసార్లయినా తేడా లేకుండా చేయగల కెమెరాను తయారు చేసుకుని, కదలని నమూనా ముందు కెమెరానే కదిపి ఈ భ్రమను పుట్టించింది. పరికరం గొప్పదే, కానీ దాన్ని ఎక్కడ పెట్టాలి, ఓడను ఎంతసేపు నడిపించాలి అన్న నిర్ణయం అంతకంటే గొప్పది. నేటి గ్రాఫిక్స్ ముందు ఆ షాట్ వెలవెలబోకపోవడానికి కారణం ఆ నిర్ణయమే.

తర్వాత గమనించవలసింది, కథానాయకుడు ల్యూక్ పదిహేను నిమిషాలు దాటేదాకా తెర మీదికి రాడన్న సంగతి. అతడు స్నేహితులతో గడిపే ఘట్టాలను ముందు భాగం కోసం చిత్రీకరించారు, ఎడిటింగ్‌లో తొలగించారు. ఫలితంగా ఆ సమయమంతా మనం ఇద్దరు రోబోల వెంట నడుస్తాం. వారిలో ఒకరికి ముఖకవళికలు లేవు, రెండోవారికి మాటలు లేవు. భారీ ఖర్చుతో తీసిన వినోద చిత్రం ఇంత సాహసం చేసి కూడా ప్రేక్షకుణ్ణి నిలబెట్టుకుంది. మీరు మొదటిసారి చూసేటప్పుడు ఈ భాగంలో ఫోను తీశారో లేదో నిజాయితీగా రాసుకోండి. వీలైతే ఈ కథ ఏమాత్రం తెలియని పదేళ్ల పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, అతడు ఎక్కడెక్కడ కదిలాడో కూడా గుర్తించండి. రెండో వాదనకు అంతకంటే మంచి సాక్షి దొరకడు.

కళ్లు మూసుకుని వినే పరీక్ష ఈ సినిమాకు అన్నింటికంటే అనుకూలమైనది. వేడర్ శ్వాస నీటి అడుగున ఈదేవారు వాడే శ్వాస పరికరంలోంచి వచ్చింది. తుపాకీ పేలుడు, రేడియో టవరును పట్టి ఉంచే ఉక్కు తీగను సుత్తితో కొట్టిన శబ్దం. కాంతిఖడ్గం ఝుంకారంలో పాత ప్రొజెక్టరు మోటారు గుయ్‌మనే చప్పుడు, టీవీ పిక్చర్ ట్యూబు వల్ల మైకు తీగలో పుట్టే గొణుగుడు కలిసి ఉన్నాయి. ఆ శబ్దాన్ని స్పీకరులో వినిపిస్తూ దాని ముందు మైకును అటూ ఇటూ ఊపి, కత్తి తిప్పినట్లు చేశారు. అంతకుముందు అంతరిక్ష చిత్రాలలో యంత్రాలు ఎలక్ట్రానిక్ కూతలు పెట్టేవి. ఇక్కడ అవి అరిగిపోయిన లోహంలా, బరువున్న వస్తువుల్లా మోగుతాయి. ఏ శబ్దం ఏ వస్తువుదో కళ్లు మూసుకునే చెప్పగలుగుతున్నారంటే, ఆ లోకం మీ చెవుల్లో కూడా కట్టబడిందన్నమాట.

సంగీతానికి ప్రత్యేకంగా ఒక చిన్న పరీక్ష ఉంది. ల్యూక్ ఇంటి బయట నిలబడి, ఇద్దరు సూర్యులు అస్తమిస్తుంటే చూసే ఘట్టాన్ని ధ్వని లేకుండా చూడండి. ఒక కుర్రవాడు, ఒక దిబ్బ, గాలికి ఎగిరే జుట్టు, అంతే. ఇప్పుడు ధ్వని పెట్టి చూడండి. జాన్ విలియమ్స్ రాసి, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించిన స్వరాలలో ముందు హార్న్ ఒంటరిగా ఎత్తుకుని, తర్వాత తీగవాద్యాలన్నీ దాన్ని అందుకున్నప్పుడు, ఆ కుర్రవాడికి ఊరు విడిచి పోవాలని ఎంత ఆరాటంగా ఉందో ఒక్క మాట లేకుండా అర్థమవుతుంది. ఈ ఘట్టంలో ఎవరి వాటా ఎంతో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఎడిటింగ్‌ను పరీక్షించడానికి, సామ్రాజ్యపు యుద్ధ కేంద్రం డెత్ స్టార్ మీద తిరుగుబాటుదారులు చేసే చివరి దాడిని చూడాలి. యుద్ధ విమానాల పోరాటాలున్న రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఫిల్మును తాత్కాలికంగా అతికించి ఈ ఘట్టానికి లయ నిర్ణయించుకున్నారు. పాల్ హిర్ష్, మార్సియా లూకాస్, రిచర్డ్ చ్యూ దాన్ని తుదిరూపానికి తెచ్చారు. చూస్తూ మధ్యలో ఎక్కడైనా ఆపి మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎవరు ఎక్కడున్నారు, ఏం చేయాలి, ఎంత సమయం ఉంది? ఏ క్షణంలో ఆపినా మూడింటికీ జవాబు దొరుకుతుంది. దాడికి ముందు పైలట్లకు లక్ష్యాన్ని వివరించే సమావేశం ఉంది గనుక వారు దూసుకెళ్లే లోయ ఆకారం మనకు తెలుసు. తిరుగుబాటుదారుల స్థావరంలోని తెరల మీద గడువు తరిగిపోతుంటుంది. లోయ, స్థావరం, టార్కిన్ గది అనే మూడు చోట్ల మధ్య కథ తిరుగుతుంటుంది. ఈ మధ్య వచ్చిన ఏ భారీ చిత్రం పతాక పోరాటానికైనా ఇదే పరీక్ష పెట్టి చూడండి, ఫలితం మీకే తెలుస్తుంది.

అరువు తెచ్చుకున్న సరుకును ఎలా లెక్కించాలన్నది తర్వాతి మెట్టు. సినిమా మొదట్లో పైకి పాకే అక్షరాలు ఫ్లాష్ గోర్డాన్ అనే పాత అంతరిక్ష సాహస సీరియళ్లవి. గొడవపడే ఇద్దరు అల్పుల కళ్లతో రాకుమారి కథ చెప్పడం జపాన్ దర్శకుడు అకీరా కురొసావా 1958లో తీసిన ది హిడెన్ ఫోర్ట్రెస్ నుంచి వచ్చింది. అరువు తేవడం నేరమేమీ కాదు. తెచ్చినదాన్ని ఏం చేశారన్నదే చూడాలి. కురొసావా రైతులు బంగారానికి ఆశపడే స్వార్థపరులు. లూకాస్ రోబోలు సంతలో అమ్ముడుపోయే బానిసలు, సారాకొట్టు గుమ్మంలోనే వెనక్కి పంపబడేవారు. మార్పు చిన్నదైనా హాస్యం కింద ఒక జాలి చేరింది. ఆ బానిసత్వం గురించి సినిమా ఆ పైన ఒక్క ఆలోచన కూడా చేయకపోవడం మాత్రం లోపమే.

కథ విషయంలో తెలుగు ప్రేక్షకుడికి ఒక సౌలభ్యం ఉంది. పుట్టుక తెలియని కుర్రవాడు, గడ్డపు గురువు, తండ్రి కత్తి, చెరలో రాకుమారి, నల్లటి మాంత్రికుడు, ప్రాణమిచ్చే నేస్తాలు: మనం జానపద చిత్రాలు చూసి పెరిగినవాళ్లం, తోటరాముణ్ణి ఎరిగినవాళ్లం. చాలా కాలం క్రితం, చాలా దూరాన అంటూ మొదలుపెట్టడం అంటే అనగనగా అని మొదలుపెట్టడమే. కనుక ఇది ఆధునిక పురాణమని, పురాణాల పరిశోధకుడు జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో చెప్పిన వీరగాథ నమూనాకు చక్కగా సరిపోతుందని ఎవరైనా అంటే తొందరపడి తల ఊపకండి. ఆ నమూనా ఏ జానపదానికైనా సరిపోతుంది, పేలవమైన వాటికి కూడా. అన్నింటికీ సరిపోయేది దేని గొప్పతనాన్నీ రుజువు చేయలేదు.

సైన్స్ విషయానికి వస్తే పని త్వరగా ముగుస్తుంది. శూన్యంలో ఓడలు గర్జిస్తాయి, గాలిలో విమానాల్లా పక్కకు ఒరుగుతాయి. హాన్ తన ఓడ వేగం గురించి గొప్పలు చెబుతూ పన్నెండు పార్సెక్‌లంటాడు, పార్సెక్ అనేది సుమారు 3.26 కాంతి సంవత్సరాల దూరం. ఈ పొరపాట్లు పెద్దవి కావు. యంత్రం, పరలోకవాసి, భవిష్యత్తు మనిషిని ఎలా మారుస్తాయన్న ప్రశ్న ఇందులో లేకపోవడమే పెద్దది. 1968 నాటి 2001: ఎ స్పేస్ ఒడిస్సీ పక్కన గానీ, అదే 1977 నవంబరులో వచ్చిన స్పీల్‌బర్గ్ చిత్రం క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్ పక్కన గానీ పెడితే ఆలోచనలో ఇది తేలిపోతుంది. అయితే ఒక్క విషయంలో ఈ ప్రక్రియకు ఇది శాశ్వతంగా మేలు చేసింది. అంతకుముందు తెర మీది భవిష్యత్తు చాలావరకు కడిగిన గాజులా ఉండేది. ఇందులో దుమ్ము ఉంది, సొట్టలున్నాయి, కొన్న కాసేపటికే తల పేలిపోయే సెకండ్‌హ్యాండ్ రోబో ఉంది. ల్యూక్ ఇల్లు ట్యునీషియాలోని మట్మాటాలో భూమిలో తవ్వుకున్న నిజమైన నివాసం. వాడకంతో పాతబడిన భవిష్యత్తును చూపడం కూడా ఒక ఆలోచనే.

తప్పులను రాసేటప్పుడు మొహమాటపడకండి. నాకు మింగుడుపడని ఘట్టం ఒకటుంది. రాకుమారి లేయా కళ్ల ముందే ఆమె గ్రహం, అందులోని సమస్త జనం బూడిదైపోతారు. కొంతసేపటికి, ఒకటి రెండు రోజుల పరిచయమున్న ఒబీవాన్ పోయాడని ల్యూక్ కుమిలిపోతుంటే, అతడి భుజాల మీద దుప్పటి కప్పి ఓదార్చేది ఆ లేయాయే. ఆమెను ఓదార్చాలని ఎవరికీ తోచదు, రచయితకు కూడా. సంభాషణలలో చాలా భాగం సమాచారం చేరవేయడానికే పనికొస్తుంది. గినెస్, పీటర్ కుషింగ్ లాంటి అనుభవజ్ఞులు వాటిని మోశారు గానీ, యువ నటులు చాలా చోట్ల తడబడ్డారు.

బొమ్మల వ్యాపారాన్నీ, హాలీవుడ్ మీద పడిన ప్రభావాన్నీ పుణ్యంగానో పాపంగానో ఈ ఖాతాలో రాయకండి. 1977 క్రిస్మస్‌కు బొమ్మలు సిద్ధం కాక, తర్వాత పంపుతామన్న కూపనుతో ఖాళీ పెట్టెలు అమ్మారన్నది సరదా కబురు. సినిమా మంచిచెడ్డలతో దానికి సంబంధం లేదు. 1980 నాటి రెండో చిత్రానికి కూడా వేరే పేజీ తెరవండి. అది మెరుగైన రచన అన్నవారితో నేను ఏకీభవిస్తాను, కానీ దాని మార్కులు దీనికి బదిలీ కావు.

నా లెక్క ప్రకారం మొదటి వాదన నిస్సందేహంగా నిలుస్తుంది. రెండోది కూడా నిలుస్తుంది, ఎడిటింగ్, ధ్వని, సంగీతం, రూపకల్పన అనే నాలుగు స్తంభాల మీద. రచన ఐదో స్తంభం కాలేకపోయింది. మూడోది నిలవదు: ఇది అంతరిక్షంలో జరిగే జానపదాలలో ఉత్తమమైనది, సైన్స్ ఫిక్షన్‌లో ఉత్తమమైనది కాదు. క్లాసిక్ హోదా 1977 నాటి చిత్రానికి తగినదే, అయితే దాన్ని లూకాస్ ఒక్కరికే కట్టబెట్టడం ఆ ఆరు పురస్కారాలు అందుకున్నవారికి అన్యాయం. మీ లెక్కలో వేరే తీర్పు వస్తే, ఏ ప్రతిని చూశారో దాని పక్కనే రాసి పెట్టుకోండి. 1997 ప్రతి చూసి నడక నత్తనడక అని, హాన్ సోలో చప్పగా ఉన్నాడని అనేవారితో నాకు ఏ పేచీ లేదు.